పులసకు పురుడు పోసిన ఆదెమ్మ

గోదారికి ఇంకా ఆనకట్ట అంటే తెలియని రోజుల్లో, ఒడ్డున మూడు ఊళ్ళుండేవి. సముద్రం దగ్గర దిగువూరు. మధ్యన నడిమూరు. పైన ఎగువూరు. మూడు ఊళ్ళకీ కలిపి ఒక్కతే మంత్రసాని. ఆవిడ ఇంటిపేరు మా అమ్మమ్మ చెప్పింది, నాకు జారిపోయింది. పేరు మాత్రం ఆదెమ్మ. అదీ జారిపోకముందే చెబుతున్నాను, పట్టుకోండి.

ఏటా వానలు పడగానే గోదారిలో ఎర్రనీళ్ళు దిగేవి. ఎర్రనీళ్ళు సముద్రాన్ని ముట్టగానే పులస చేపలు తల ఎగువకి తిప్పేవి. ఎక్కడ పుట్టాయో అక్కడికే, ఎగువూరు దాటాక ఉన్న ఇసుకమేటల దగ్గరికే, గుడ్లు పెట్టడానికి ఎదురీదుకుంటూ వచ్చేవి. కడుపుతో ఉన్న ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టు వచ్చేవి.

దిగువూరి వాళ్ళు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వల కట్టేశారు. "మనం వదిలితే నడిమూరోళ్ళు తినెయ్యరూ?" అన్నారు. నడిమూరి వాళ్ళూ కట్టేశారు. "మనం వదిలితే ఎగువూరోళ్ళు తినెయ్యరూ?" అన్నారు. ఎగువూరి వాళ్ళూ కట్టేశారు. "వచ్చేదే ఒకటీ అరా, అదీ వదలాలా?" అన్నారు.

మొదట్లో పడవల నిండా పడేవి. కొన్నేళ్ళకి బుట్టల నిండా పడ్డాయి. మరికొన్నేళ్ళకి ఎర్రనీళ్ళు దిగినా వల ఖాళీగానే లేచింది.

అలాంటి ఒక ఏడు, దిగువూరి పెద్ద పోతురాజు ఇంట్లో ఆదెమ్మ పసిబిడ్డకి నీళ్ళు పోస్తోంది. ఆ బిడ్డ పోతురాజు మనవడు. అంతలో పోతురాజు నీళ్ళకుండలో ఒక పులసని పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఊరంతటికీ పడింది ఇదొక్కటే! బాలింతకి పులుసు పెట్టండి!"

ఆదెమ్మ బిడ్డని తల్లి ఒళ్ళో పెట్టింది. కుండలో చెయ్యి పెట్టి చేప కడుపు తడిమింది.

"పోతురాజూ, ఇది నిండు చూలాలు."

"ఏంటి పిన్నీ, చేపకీ పురుడు పోస్తావా?" అని నవ్వాడు పోతురాజు. ఇంట్లో అందరూ నవ్వారు.

"పోస్తాను. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ కోక పెడతానంటే వద్దన్నాను. నీ కొడుకప్పుడూ వద్దన్నాను. ఇవాళ నోరు తెరిచి అడుగుతున్నాను. దీన్ని వదులు. ఇది కనేదాకా వల ఎత్తు. ఇక ఇదే ఆఖరిదైతే, మీ మనవడికి పులస అంటే మాటే మిగులుతుంది."

బిడ్డ పుట్టిన ఇంట్లో మంత్రసాని అడిగింది కాదనరు. పోతురాజు బుర్ర గోక్కున్నాడు.

"సరే పిన్నీ. మరి నడిమూరోళ్ళు తినేస్తేనో?"

"దాని వెంట నేను నడుస్తాను."

"నువ్వొక్కదానివి ఏం ఆపుతావు? మేమూ వస్తాం. వాళ్ళ సంగతేంటో చూస్తాం."

వల లేచింది. చేప నీళ్ళలోకి జారింది. ఆదెమ్మ నీటి అంచున పాదాలు తడుపుకుంటూ నడిచింది. వెనక దిగువూరి మగాళ్ళు తెడ్లు భుజాన వేసుకుని నడిచారు.

"ఈ ఎర్రనీళ్ళలో నీకు చేపెలా కనబడుతోంది పిన్నీ?" అన్నాడొకడు.

"కడుపులో బిడ్డ కనబడుతుందట్రా నాకు? అయినా తెలియట్లా?" అంది ఆదెమ్మ.

నడిమూరి వాళ్ళు గట్టు మీద నిలబడి పగలబడి నవ్వారు. "చేపకి ఊరేగింపా! మేళం మర్చిపోయారేం?"

"ఒరే నాయనా," అంది ఆదెమ్మ, అందరికన్నా గట్టిగా నవ్వినవాడితో. "మీ అమ్మ నీ పురిటికి ఈ గట్టు మీదే బండిలో వచ్చింది. ఆ బండికి ఎవరైనా అడ్డం నిలబడి ఉంటే నువ్వెక్కడుండేవాడివి?"

వాడి నవ్వు ఆగిపోయింది. "ఎగువూరోళ్ళు తినరని నమ్మకమేంటి?" అన్నాడు.

"నమ్మకం లేకపోతే వెంట రా."

వల లేచింది. నడిమూరి వాళ్ళూ వెంట నడిచారు.

ఎగువూరి దగ్గర సూరాయమ్మ అనే ముసలామె వల తాడు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ నవ్వలేదు.

"ఆదెమ్మా, ఇన్నేళ్ళూ కింద వాళ్ళు తిన్నారు. మా పిల్లలకి దాని రుచే తెలీదు. వాకిట్లోకి వచ్చినదాన్ని వదలమంటావా?"

సూరాయమ్మ మాటలో అబద్ధం లేదు. వాన పడుతోంది.

అప్పుడు పోతురాజు తెడ్డు కింద పెట్టాడు. "మాదే తప్పు అత్తా. ఇక మీద అవి కని దిగొచ్చేటప్పుడు మొదటి పట్టు మీది. మీ తర్వాత నడిమూరిది. ఆఖర్న మాది."

సూరాయమ్మ అతని మొహం చూసింది. అతని వెనక ఉన్న మొహాలన్నీ చూసింది. తాడు వదిలేసింది.

ఇసుకమేటల దగ్గర అందరూ ఆగారు. ఒక్క చేప కోసమని చూస్తున్నారు. ముందుగా ఎగువూరి చిన్నపిల్ల ఒకతె వెనక్కి తిరిగి వేలు చూపించింది. దిగువ నుంచి ఏరు తెల్లగా వస్తోంది. వెండి, వెండి, అంతా వెండి. ఒక్కదానికని తీసిన దారిలో, దాని వెనకే వందలూ వేలూ ఎదురీదుకొచ్చాయి. నీళ్ళు ఉడికినట్టు పొంగాయి. మగాళ్ళు తలపాగాలు తీసేశారు.

"ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎక్కడ దాక్కున్నాయి?" అన్నాడు పోతురాజు గొంతు తగ్గించి.

"దాక్కోలేదయ్యా. తలుపు తీస్తారని కాచుకున్నాయి," అంది ఆదెమ్మ.

ఆవిడ ఏట్లోకి దిగి, వంగి, రెండు చేతులూ నీళ్ళలో చాపి, బిడ్డని అందుకునేటప్పుడు పట్టినట్టే పట్టింది. చేపలు ఆ చేతుల మధ్య నుంచి వెళ్ళాయి. చీకటి పడేదాకా ఆ వానలో, ఆ చల్లటి నీళ్ళలోనే ఉంది. సూరాయమ్మ చెయ్యి పట్టి ఒడ్డుకి తెచ్చేసరికి ఆదెమ్మ ఒళ్ళు కాలిపోతోంది. ఆ జ్వరంతోనే పోయింది. మూడు ఊళ్ళ వాళ్ళూ భుజాలు మార్చుకుంటూ పాడె మోశారు.

మరుసటేడు ఎర్రనీళ్ళు దిగాయి. మూడు ఊళ్ళ వాళ్ళూ వలలు చేత్తో పట్టుకుని చూస్తున్నారు. ముందు నడిచే మనిషి లేదు. ఇక ఎవరు ఎవరిని నమ్ముతారు? అప్పుడు పోతురాజు కోడలు బిడ్డని చంకనేసుకుని గట్టు దిగింది. వలల వైపు చూడకుండా ఎగువకి నడిచింది. చూసి చూసి, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వలలు కింద పెట్టి ఆమె వెంట నడిచారు.

ఇప్పటికీ ఎర్రనీళ్ళు దిగితే ఆ మూడు ఊళ్ళూ వలలు ఎత్తి, ఇసుకమేటల దాకా నడుస్తాయి. చూలింతకి పెట్టినట్టు చలిమిడి ముద్ద నీళ్ళలో వదులుతాయి. నడిచేటప్పుడు నీటి అంచున ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడుస్తారు. కొత్త కోడళ్ళెవరైనా తెలియక అక్కడ అడుగు పెడితే, పెద్దవాళ్ళు మెల్లగా చెయ్యి పట్టి ఇవతలికి లాగుతారు.

"అక్కడ ఆదెమ్మ నడుస్తోందమ్మా," అంటారు.