సుంకులవ్వ ఒడి

అనగా అనగా అని మొదలుపెడితే రాజు కావాలి, రాజుకొక రాణి కావాలి. నా కథలో ఇద్దరూ లేరు. ఒక బస్సు ఉంది. ఆ బస్సులో వెనక సీట్లో ఒక అవ్వ ఉంది. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి. నిద్రొచ్చేవాళ్ళు పడుకోండి, నేనేమీ అనుకోను.

ఎప్పటి సంగతంటే చెప్పలేను. మా జేజి, అదే మా నాయనమ్మ, చెప్పింది, ఆమెకెవరు చెప్పారో నేనడగలేదు. బస్సులు బొగ్గు తిని నడిచిన కాలం అది. బస్సు వెనక ఒక పెద్ద పీపా ఉండేది. దాంట్లో బొగ్గులు రాజేస్తే ఆ పొగతో బండి కదిలేది. మనిషి పరిగెత్తితే బస్సును దాటిపోవచ్చు. కానీ బస్సులో కూర్చున్న గొప్ప వేరు కాబట్టి ఎవరూ పరిగెత్తేవాళ్ళు కాదు.

ఆ బస్సు సంత ఊర్లో బయలుదేరి, కనుమ ఎక్కి, అవతల ఏటి ఒడ్డుకు పోయేది. కనుమలో ఒకచోట దారి నిటారుగా ఉండేది. అక్కడికొచ్చేసరికి బస్సుకు ఊపిరాడేది కాదు. అందరూ దిగి తోయాల్సిందే. అందుకని దానికి దిగుడు మలుపు అని పేరొచ్చింది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, నడుములు వంగిన ముసలివాళ్ళు కూర్చోవచ్చు. మిగతా వాళ్ళు దిగాలి. దిగనివాళ్ళను కొండ మొత్తం వినపడేటట్టు తిట్టేవాళ్ళు.

సుంకులవ్వ ఇల్లూడ్చే పొరకలు అమ్ముకునేది. ఈత బరిగెలు కోసుకొచ్చి, ఎండబెట్టి, చీల్చి, కట్టలు కట్టి సంతలో కూర్చునేది. నా అనేవాళ్ళు లేరు. పొద్దున్నే పొరక ఎదురైతే పని చెడుతుందని లోకం మాట. పొరక లేని ఇల్లు ఒక్కటీ లేదు గానీ పొరకలమ్మే మనిషి ఎదురొస్తే మాత్రం అపశకునం. అందుకని ఆమెను ముందు సీట్లలో కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. "వెనక్కి పో, వెనక్కి పో" అని తరిమి, బొగ్గు పీపా పక్కన, సెగ తగిలే చివరి సీట్లో కూర్చోబెట్టేవాళ్ళు.

అవ్వ పోయి కూర్చునేది. కూర్చుని మనుషుల్ని చూసేది. మనుషుల్ని చూడటమంటే ఆమెకు తిండి కంటే ఇష్టం. కానీ చివరి సీట్లో కూర్చుంటే ముఖాలేం కనపడతాయి? వీపులు కనపడతాయి. జడలు కనపడతాయి. తలపాగాలు, మెడలు, దిగిన భుజాలు, ఎగిసిన భుజాలు కనపడతాయి. ఏళ్ళ తరబడి ఆమె వీపులే చూసింది.

బస్సులో అందరికంటే ముందు, డ్రైవరు మస్తానయ్య పక్కన, తమలపాకుల గంపతో సంతకొచ్చే కుళ్ళాయప్ప కూర్చునేవాడు. ఆయనకీ మనుషుల్ని చూడటం ఇష్టమే. ఎవరెక్కినా ఎగాదిగా చూసి, వాళ్ళు సీట్లో సర్దుకునేలోపే తీర్పు చెప్పేసేవాడు. "ఈ కుళ్ళాయప్ప కండ్లు తప్పవు" అనేవాడు. ఆయన చెడ్డవాడని నేననను. దారి పొడుగు, పని లేదు, నోట్లో ఆకు ఉంది. నోరు ఊరికే ఎట్లా ఉంటుంది?

ఒకసారి ఒక పడుచు ఎక్కింది. పట్టుచీర కట్టింది, ఒంటరిగా వచ్చింది. కూర్చున్నప్పటి నుంచి తల వంచుకుని ఉంది.

"మొగుడు తరిమేసినాడు," అన్నాడు కుళ్ళాయప్ప. "చూస్తానే చెప్తా. ఏమే సుంకులీ, నువ్వేమంటావు?"

అవ్వ అంది: "ఏమో నాయనా, నాకు వీపే కదా కనపడేది."

అందరూ నవ్వారు. కానీ ఆ వీపు ఉండుండి ఎగిసిపడటం అవ్వ చూసింది. చెంగు ముడి విప్పి, చింతపండు బిళ్ళ తీసి, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి ముందుకు పంపించింది. ఆ పడుచు దాన్ని నాలుక మీద పెట్టుకుంది. కాసేపటికి తల ఎత్తింది. పాపం, బొగ్గు పొగకు కడుపులో తిప్పుతోంది. చెల్లెలి పెండ్లికి పోతోంది.

ఇంకొకసారి ఒక నడివయసు మనిషి ఎక్కాడు. ఎక్కీ ఎక్కకముందే నిద్రపోయాడు. గురక పెట్టాడు. తల ఇటు వాలితే ఇటువైపు వాళ్ళు తోశారు, అటు వాలితే అటువైపు వాళ్ళు తోశారు.

"తాగుబోతు," అన్నాడు కుళ్ళాయప్ప. "ఏమే సుంకులీ?"

"ఏమో నాయనా, నాకు వీపే కదా కనపడేది," అంది అవ్వ. లేచి వచ్చి, తన దుప్పటి ముక్క మడిచి, ఆయన మెడ కింద పెట్టింది.

ఆయన తాగాడా లేదా అని మా జేజిని అడిగాను. "నాకేం తెలుసు? తాగినోని మెడ మాత్రం మెడ కాదా?" అంది.

మూడోసారి ఎర్రిస్వామి ఎక్కాడు. అసలు కథ ఇక్కడుంది, ఊ కొట్టడం మరిచిపోవద్దు.

ఎర్రిస్వామి వయసులో ఉన్నవాడు. గుండ్రాయిలాంటి మనిషి. తలకు తుండుగుడ్డ చెవులు మూసుకునేటట్టు చుట్టుకున్నాడు. చేతిలో కొత్తగుడ్డతో కట్టిన మూట ఉంది. ఆ మూట ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టి, మధ్య సీట్లో కూర్చున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు.

కుళ్ళాయప్పకు పండగైంది. "తల దాచుకున్నోడు, మూట దాచుకున్నోడు. దొంగ సొమ్ము తప్ప ఇంకేముంటుంది? ఏమే సుంకులీ?"

"ఏమో నాయనా, నాకు వీపే కదా కనపడేది."

కానీ ఈసారి అవ్వ నవ్వలేదు. దారిలో అందరూ నీళ్ళకు దిగినప్పుడు ఎర్రిస్వామి కూడా దిగాడు. మూట కింద పెట్టలేదు. వేరే ఎవరితోనో నీళ్ళు నోట్లో పోయించుకున్నాడు. చెట్టు కింద నీడ ఉన్నా కూర్చోలేదు. మళ్ళీ ఎక్కి కూర్చున్నాక, తుండుగుడ్డ కింద ఆయన మెడ అవ్వకు కనపడింది. అప్పుడే గొరిగించిన మెడ, ఎండ సోకని తెల్లటి చర్మం. అవ్వకు అర్థమైంది. ఆ మూటలో అస్థుల కుండ ఉంది. ఆయన తల్లో తండ్రో, కాలిన ఎముకలై, బూడిదై, ఏటికి పోతున్నారు. అట్లాంటి కుండ నీళ్ళలో కలిపేదాకా నేల తగలకూడదు. ఆగాల్సి వస్తే చెట్టుకు వేలాడదీస్తారే గానీ కింద పెట్టరు.

ఆయన ఎందుకు దాస్తున్నాడో కూడా చెప్తాను. తల్లి పోతూ పోతూ ఏట్లో కలపమని మాట తీసుకుంది. పెద్దకర్మ చేసే పెద్దదినం లోపల కలపాలి. పెద్దదినం మర్నాడే కాబట్టి ఇక ఆ రోజే, పొద్దు గూకేలోపే కలపాలి. నిజం చెప్పి అడిగితే ఒక బండివాడు మైల అన్నాడు. ఇంకొక బండివాడు ఎక్కించుకుని సగం దారిలో దించేశాడు. ఈ బస్సు కూడా దించేస్తే ఇక నడిచి అందుకోలేడు. అమ్మకిచ్చిన మాట కనుమలోనే పోతుంది.

బస్సు దిగుడు మలుపుకు వచ్చింది. రొప్పింది. ఆగింది.

అందరూ దిగారు. కుళ్ళాయప్ప దిగాడు. నడుము వంగినా అవ్వ కూడా రోజూ దిగేది, చక్రం వెనక రాయి పెట్టడానికి. ఆ రోజు ఆ మూట వైపే చూస్తూ సీట్లోనే ఉండిపోయింది. ఎర్రిస్వామి కూడా దిగలేదు. దిగితే తోయాలి. తోయాలంటే రెండు చేతులూ కావాలి. మూట ఎక్కడ పెడతాడు?

"ఏమప్పా, కాళ్ళు లేవా నీకు?" అన్నారు ఒకరు.

"ఆడోళ్ళు తోస్తాంటే మొగోడు కూచుంటాడా?" అన్నారు ఇంకొకరు.

కుళ్ళాయప్ప మళ్ళీ ఎక్కి వచ్చాడు. "దిగుతావా లేదా? ఆ మూట ఇట్లా పారేసి దిగు," అని మూట మీద చేయి వేశాడు. ఎర్రిస్వామి మూటను గుండెకు అదుముకున్నాడు. కుళ్ళాయప్ప లాగాడు. ముడి జారింది.

అప్పుడు వెనక సీట్లోంచి అవ్వ లేచింది. పొరకలు పక్కకు తోసి, ఎవరు వద్దన్నా వినకుండా ముందుకు నడిచి వచ్చి, ఎర్రిస్వామి పక్కన కూర్చుంది. చీర సర్ది ఒడి పట్టింది.

"ఇట్లియ్యి నాయనా," అంది. "నేల తగలనీను. నువ్వొచ్చేదాకా నా ఒళ్ళోనే ఉంటుంది. పోయి తోయి."

ఎర్రిస్వామి ఆమె ముఖం చూశాడు. "ఏముందో అడగవా అవ్వా?"

"నా పొరకల కట్టలో ఏముందని నువ్వడిగినావా? ఇయ్యి."

"మాయమ్మ," అన్నాడు ఆమెకే వినపడేటట్టు.

ఇచ్చాడు. దిగాడు. పీపా పక్కన భుజం ఆనించి తోశాడు. అంతమంది తోస్తే కదలని బస్సు కదిలింది. ఎంత బలంగా తోశాడంటే తలకు చుట్టిన తుండుగుడ్డ జారి కింద పడింది. తీసుకోవడానికి వంగలేదు. వెనకనుంచి తోస్తున్న వాళ్ళందరికీ ఆయన గుండు కనపడింది. ముఖం కాదు, వీపు, మెడ, గుండు. అందరికీ ఒక్కసారే అర్థమైంది.

బస్సు మలుపెక్కింది. ఒక్కొక్కరే ఎక్కి కూర్చున్నారు.

కుళ్ళాయప్ప మూట మీద చేయి వేశాడు కదా. చేయి తుడుచుకుంటూ వచ్చాడు. సిగ్గు వేసినప్పుడు కొందరికి కోపం వస్తుంది. ఆయనకూ అదే వచ్చింది. "మస్తానయ్యా, మైల బండెక్కింది. దించెయ్యి ఈ మనిషిని," అన్నాడు.

డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. ఎర్రిస్వామి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. పొద్దు అప్పటికే పడమటికి వాలుతోంది.

అవ్వ గట్టిగా కూడా అనలేదు. "దించేదైతే నన్ను కూడా దించు నాయనా. ఆ తల్లి నా ఒళ్ళో ఉంది," అంది.

మస్తానయ్య మళ్ళీ ముందుకు తిరిగాడు. "ఈయప్ప బుజమే కదా బండిని ఎక్కిచ్చింది," అన్నాడు. బస్సు కదిలించాడు.

ఏటి ఒడ్డు దాకా ఆ మూట అవ్వ ఒళ్ళోనే ఉంది. ఎర్రిస్వామి పక్కన కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అప్పటిదాకా ఏడవడానికి కూడా ఆయనకు చేతులు ఖాళీ లేవు. పొద్దు గూకకముందే తల్లిని నీళ్ళలో కలిపాడు.

ఆ తర్వాత చాన్నాళ్ళు కుళ్ళాయప్ప తీర్పులు చెప్పలేదు. నోట్లో ఆకు ఉన్నా నోరు మూసుకునే కూర్చున్నాడు. ఒకరోజు ఉండబట్టలేక వెనక్కి తిరిగి అడిగాడు.

"సుంకులమ్మా, ఇన్నేండ్లు నా వీపు చూస్తాండావే. నా గురించి ఏమనుకుంటావు?"

తిడుతుందనుకున్నాడు. తిట్టినా పడదామనుకున్నాడు.

"గంప మోసీ మోసీ నీ ఎడమ బుజం దిగిపోయింది నాయనా," అంది అవ్వ. "రవ్వంత కుడి పక్కకు మార్చుకో."

కుళ్ళాయప్ప ముందుకు తిరిగాడు. ఆయన భుజం నొప్పి ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు.

కొన్నేళ్ళకు ఒక వానాకాలం సుంకులవ్వ పోయింది. సంతవాళ్ళే కట్టెలు పోగు చేసి చితి పేర్చారు. కొరివి పెట్టడానికి ఎవరూ లేరే అని చూస్తుంటే ఎర్రిస్వామి వచ్చాడు. "మాయమ్మను ఒళ్ళో పెట్టుకున్న తల్లి. ఈ బరువు నాది," అన్నాడు. గుండు గీయించుకుని కొరివి పెట్టాడు. కొత్తగుడ్డలో కుండ కట్టి బస్సు ఎక్కాడు. ఈసారి తలకు తుండుగుడ్డ చుట్టుకోలేదు.

నేరుగా పోయి అవ్వ కూర్చునే చివరి సీట్లో కూర్చున్నాడు. ముందు సీటావిడ వెనక్కి తిరిగి, ఒడి పట్టి, "ఇట్లియ్యి," అంది. ఇచ్చాడు. ఆమె ముందున్న ముసలాయన, "నాకూ రవ్వంతసేపు," అన్నాడు. ఆయన ముందున్నవాళ్ళు అడిగారు. వాళ్ళ ముందున్నవాళ్ళు అడిగారు. వెనక్కి పో, వెనక్కి పో అని తరిమించుకున్న సుంకులవ్వ ఆ రోజు ఒక ఒళ్ళోంచి ఇంకొక ఒళ్ళోకి, చివరి సీట్లోంచి మొదటి సీటు దాకా వచ్చింది. నేల తగల్లేదు.

మొదటి సీట్లో కుళ్ళాయప్ప ఉన్నాడు. ముసలివాడైపోయాడు. పంచె సర్దుకుని, రెండు చేతులూ చాపి అందుకున్నాడు. కుండ మీద ఒక తమలపాకు పెట్టాడు.

దిగుడు మలుపు వచ్చింది. అందరూ దిగారు. కుళ్ళాయప్ప దిగలేదు. ఆ దారికి కొత్తవాడొకడు తోస్తూ తోస్తూ తల ఎత్తి చూశాడు. "అందరం చస్తాంటే ఆ ముసలోడెవరప్పా, రాజు మాదిరి కూచోనుండాడు?" అన్నాడు.

తోసేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏమో నాయనా," అన్నారు. "మాకు వీపే కదా కనపడేది."

ఇప్పుడు బొగ్గు బస్సు లేదు. కనుమ దారి కూడా చదును చేశారు, ఎవరూ దిగి తోయక్కర్లేదు. కథలు కంచికి పోతాయంటారు గానీ ఈ కథ ఏటి ఒడ్డు దాటి పోదు, రోజూ ఆ దారి బస్సులోనే తిరిగి వస్తుంది. కావాలంటే ఒకసారి ఎక్కి చూడండి. సీటు దొరక్కపోతే మూట పట్టుకుని ఊరికే నిలబడండి. కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు మీ ముఖం కూడా సరిగ్గా చూడకుండా ఒడి సర్దుకుంటారు.

"ఇట్లియ్యి," అంటారు.

అందులో ఏముందని అడగరు.