గాలిఓడలో నాలుగు చోట్లు

మబ్బుల్లో గాలిఓడలు తేలే రోజుల్లో, గాజులమ్మే నూకాలు ఇంటిల్లిపాదీ నలుగురూ కలిసి చెల్లెలి పెళ్లికి ఎగిరి వెళ్లాలని ఆశపడింది. కానీ ఆమె అడిగినప్పుడల్లా టికెట్ల అధికారి భుజంగరావు ధర పెంచేస్తున్నాడు. మొన్న తలకి పదిహేను వరహాలు, నిన్న ఇరవై!

"ఓడ నిండిపోతోందమ్మా, త్వరపడు!"

నిండితే ఒక్కరూ ఎక్కడం కనబడదేం? నూకాలుకి అనుమానమొచ్చింది. ఈ ధరకైతే ముసలి అత్తని వదిలి వెళ్లాల్సిందే.

మర్నాడు జనమంతా వింటుండగా అడిగింది. "అయ్యా, ఎవరైనా కొన్న టికెట్లు వెనక్కిస్తే ఎంతిస్తారు?"

"వెనక్కా? ఈ ముసురులో ఎవరెక్కుతారు? ఓడంతా ఖాళీ! అయిదు వరహాలిస్తే గొప్ప."

"అమ్మయ్య! అయితే ఆ ఖాళీలో నాలుగు చోట్లు అయిదేసికే ఇప్పించండి బాబూ."

వెనకున్న జనం కూడా అయిదేసి వరహాలు పట్టుకుని ముందుకు జరిగారు.