మద్దిచెట్టుకు కాపలా కాసిన ఎలుగుబంటి

సెలయేటి ఒడ్డున మద్దిచెట్టు తొర్రలో తేనెటీగల కాపురం. ఆ కాపురానికి పెద్దదిక్కు జుమ్మక్క. చైత్రం వెళ్లేసరికి అడవిలో పూలన్నీ రాలిపోయి ఎండ ఒక్కటే మిగిలింది. తొర్రలో మైనం మెత్తబడుతోంది. పిల్లలింకా గదుల్లోంచి బయటికి రాలేదు. వాటిని వదిలి ఎక్కడికని పోతాయి? ఉన్న తేనె తింటూ, రెక్కలతో విసురుకుంటూ వానలదాకా ప్రాణాలు నిలుపుకోవాలి.

సరిగ్గా అప్పుడే భల్లయ్య అనే ఎలుగుబంటి వచ్చాడు. వస్తూనే తొర్రలోకి చెయ్యి పెట్టబోయాడు. జుమ్మక్క గబగబా తొర్ర అంచుకు వచ్చింది. లోపలి బెదురు గొంతులో తెలియనివ్వలేదు.

"తొందరెందుకు తమ్ముడూ? నువ్వు మామిడి పిందె కొరుకుతావా, పండు తింటావా?"

"పండే తింటాను. అది కూడా అడగాలా అక్కా?"

"తేనె కూడా అంతే. రోళ్లు పగిలే రోహిణి ఎండ తగిలితేగాని మాగదు. తొలివాన పడ్డాక వచ్చి పట్టు మొత్తం నువ్వే తీసుకో. ఈలోగా మైనం కరిగిందా, అంతా నేలపాలే."

భల్లయ్య నోట్లో నీళ్లూరాయి. మైనం కరగకుండా చూసే పూచీ తనదేనన్నాడు. జుమ్మక్క అడగనైనా లేదు.

మర్నాటి నుంచి పడమటెండ పడకుండా తొర్రకు అడ్డంగా కూర్చునేవాడు. రోజుకు నాలుగుసార్లు మడుగులో మునిగి వచ్చేవాడు. ఈగలు ఆ తడిబొచ్చు మీద వాలి హాయిగా దప్పిక తీర్చుకునేవి. దోచుకోవడానికొచ్చిన కందిరీగల్ని తరిమి, బుగ్గ వాచేలా కుట్టించుకున్నాడు పాపం. ఎవరికోసం ఈ గొడ్డుచాకిరీ అని నక్క నవ్వితే, కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టినట్టుంది, పొమ్మన్నాడు. లోపల తేనె రోజూ తరుగుతూనే ఉంది. పిల్లలు మాత్రం రెక్కలొచ్చి ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. జుమ్మక్కకు అప్పుడప్పుడు భల్లయ్య మీద జాలేసేది. పిల్లల్ని చూడగానే ఆ జాలి ఎటో ఎగిరిపోయేది.

మృగశిర వచ్చింది, వాన పడింది. తెరపివ్వగానే ఈగలన్నీ లేచి, ఎలుగు గోళ్లకందని కొండచరియ నెర్రెలోకి కాపురం మార్చేశాయి. భల్లయ్య పరుగున వచ్చి పట్టు పెకలించి నోట్లో కుక్కుకున్నాడు. ఉత్త మైనం.

"అక్కా, నా తేనె ఏదీ?" అని కొండచరియకేసి అరిచాడు.

"తేనె ఎండకు మాగుతుందా పిచ్చి తమ్ముడూ? అది మా వేసవి గ్రాసం, తినేశాం. నువ్వు నీళ్లిచ్చి, నీడపట్టి పెంచిన పిల్లలు మాత్రం ఇవిగో. ఎంత చక్కగా ఎగురుతున్నాయో చూడు."

భల్లయ్య పళ్లకంటుకున్న మైనం గీక్కుంటూ చతికిలబడ్డాడు. కొండమీద ఈగలు సంబరంగా కొత్తపూల వేటకు బయల్దేరాయి.

నీతి: ఎదుటివాడి పని తెలుసుకోకుండా వాడి సొత్తుకు ఆశపడితే, ఆ పనే ఊరికే చేసిపెట్టాల్సి వస్తుంది.