అన్నీ ఆలోచించిన దస్తగిరి

దస్తగిరికి మీసం మీద బెంగ పట్టుకుంది.

ఎవరో శపించి పెట్టిన బెంగ కాదది. ఉరుసుకు వచ్చిన జనమందరి ముందూ తనంతట తాను నోరు జారి తెచ్చుకున్నది.

కిందటేడు నల్లబండ దర్గా ఉరుసులో కబడ్డీ పోటీలకు తమ ఊరి జట్టుకు జెర్సీలు చెప్పింది దస్తగిరే. చెప్పడం ఆలస్యమైంది. ఆట అయిపోయిన మర్నాడు అవి బస్సు మీద నుంచి తాపీగా దిగాయి. పాపం, నల్లబండ పిల్లలు ఎవరి చొక్కా వాళ్ళు వేసుకుని బరిలోకి దిగారు. ఒకడి వీపు మీద ఎరువుల బస్తా బొమ్మ, ఇంకొకడి వీపు మీద ఎవరిదో పెళ్ళి తారీఖు. సుంకులపల్లె జట్టు పెద్ద ఓబులరెడ్డి మైకు పక్కనే నిలబడి, "ఇది జట్టా, బస్టాండా అప్పా?" అన్నాడు. జనం పగలబడి నవ్వారు.

దస్తగిరి ఉండబట్టలేకపోయాడు. "వచ్చే యేడు మా వాళ్ళంతా ఒక్క తీరు జెర్సీల్లో దిగకపోతే సగం మీసం తీసేసుకుని ఊరూరా తిరుగుతా!" అనేశాడు.

ఓబులరెడ్డి నిదానస్తుడు. ఏ పక్క సగమో కూడా అడిగి తెలుసుకున్నాడు.

దానికి తోడు, ఒక్క తీరు బట్టల్లో రాని జట్టును ఇకమీదట బరిలోకి రానిచ్చేది లేదని ఉరుసు కమిటీవాళ్ళు చెప్పేశారు. మీసం పోతే మళ్ళీ మొలుస్తుంది. ఆటే లేకుండా పోతే పిల్లల ముఖం ఎలా చూడడం?

ఈ దస్తగిరి హుసేనప్ప తాత శిష్యుడు. తాత దర్గా పక్కన ఒంటి గదిలో, భార్య జమాలమ్మ అవ్వతో ఉండేవాడు. ఏ కులంవాళ్ళు వచ్చినా కూర్చోబెట్టేవాడు, ఉన్నది పెట్టేవాడు, రెండు మాటలకు మించి మాట్లాడేవాడు కాదు. దస్తగిరి పొద్దున దర్గా ఊడ్చేవాడు, సాయంత్రం దీపాలు పెట్టేవాడు, మిగిలిన పొద్దంతా ఆ రెండు మాటలకూ అర్థం ఏమిటా అని ఆలోచించేవాడు.

రంజాను నెల రాగానే దస్తగిరి నడుం కట్టాడు. ఉరుసు ఇంకా ఎక్కడో ఉంది. అయినా సరే. ఉపవాసం విడిచే వేళకు జట్టంతా రోజూ దర్గా ముందే చేరుతుంది. సాయిబుల పిల్లలే కాదు, జట్టులోని మిగతావాళ్ళూ పీరుకు మొక్కుకుని నెలంతా ఒక్కపొద్దు ఉంటారు. జట్టులో కూతకు వెళ్ళేవాళ్ళలో మేటి సుంకన్న కూడా అంతే. అందరూ ఒక్కచోట దొరకడం కంటే ఏం కావాలి? అవ్వ వండే గంజి ఇంకా పొయ్యి మీద ఉడుకుతుండగానే, దస్తగిరి టేపు పట్టుకుని ఒక్కొక్కరి ఛాతీ, నడుము కొలిచాడు. కడుపులు వెన్నుకు అంటుకుని ఉన్నాయి. సుంకన్న చూపు గంజి మీదే ఉంది.

"ఒగ అంగుళం వదులు పెట్టన్నా," అన్నాడు సుంకన్న.

"వదులు పెడితే సుంకులపల్లెవాళ్ళు ఆ వదులు పట్టుకునే నిన్ను ఈడుస్తారు. ఒంటికి చర్మం మాదిరి ఉండాల. గుడ్డ కూడా సాగని గుడ్డ చెప్తాండా. అర్థమైందా?"

"అర్థమైందిలే అన్నా. గంజి దించుతాండారు, టేపు తియ్యి."

మర్నాడు టౌనుకు పోయి చెప్పేసి వచ్చి, తాత ముందు కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"తాతా, ఈసారి అన్నీ ఆలోచించినా."

తాత తస్బీ పూసలు తిప్పుతున్నాడు. "అన్నీనా?"

"అన్నీ! వానలొచ్చి బస్సులు ఆగినా ఉరుసుకు ముందే వస్తాయి. దర్జీకి జరమొస్తే వాళ్ళ తమ్ముడు కుడతాడు. ఆ తమ్ముడితో కూడా మాట్లాడి వచ్చినా. గుడ్డ ముక్క తెచ్చి నానబెట్టి చూసినా, ముడుచుకోలేదు. ఇంక మర్చిపోడానికి ఏమీ మిగల్లేదు తాతా."

"సంతోషం నాయనా." తాత తస్బీ పక్కన పెట్టాడు. "ఆ పెట్టెలో కత్తెర ఉండాది, ఇట్లియ్యి."

దస్తగిరి తీసి ఇచ్చాడు. దర్గా జెండా కుట్టగా మిగిలిన పచ్చ గుడ్డ ఒకటి మూల ఉంటే, తాత దాన్ని ఒళ్ళో పరుచుకుని బెత్తెడు వెడల్పున పొడుగాటి పీలికలుగా కత్తిరించడం మొదలుపెట్టాడు.

"ఏమిటికి తాతా?"

"ఉండనీలే."

పిల్లల చేతులకు కట్టడానికేమో అనుకున్నాడు దస్తగిరి. అంతకు మించి అనుకోవడానికి ఆ పూట అతని బుర్రలో చోటు లేదు.

జెర్సీలు చెప్పిన రోజుకంటే ముందే వచ్చాయి. తెల్లటి తెలుపు, గుండె మీద నల్లబండ పేరు. దస్తగిరి ఆ మూట నెత్తిన పెట్టుకుని, దగ్గరి దారి ఉన్నా వదిలేసి, సుంకులపల్లె మీదుగా నడిచి వచ్చాడు. ఓబులరెడ్డి ఇంటి ముందు కాస్త దాహం కూడా వేసింది.

"ఒగసారి తొడిగి చూడరాదా?" అన్నాడు తాత.

"ఇప్పుడే తొడిగితే చెమట పడ్తాది తాతా. దుమ్ము అంటుకుంటాది. ఉరుసు పొద్దున, జెండా ముందర విప్పుతా." మూటను తన పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

తాత లేచాడు. లోపలికి పోయి ఇంకో రెండు పీలికలు కత్తిరించి పెట్టాడు.

రంజాను వెళ్ళింది. పండగ సేమ్యాల పాయసం వచ్చింది. బక్రీదు వచ్చింది, ప్రతి ఇంటి నుంచీ పక్కింటికి గిన్నెలు నడిచాయి. పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. సుంకన్నకు కూడా పెళ్ళయింది. అత్తగారిది పాడి ఇల్లు. కొత్త అల్లుడి విస్తట్లో నెయ్యి పోయడం మొదలుపెడితే, ఇక చాలు అని అతను అనేదాకా ఆపే అలవాటు ఆవిడకు లేదు. చాలు అనే అలవాటు సుంకన్నకూ లేదు.

ఉరుసు పొద్దున దస్తగిరి స్నానం చేసి, అత్తరు రాసుకుని, జెండా ముందు మూట విప్పాడు. కుర్రాళ్ళు ఎగబడి తొడుక్కున్నారు.

తొడుక్కోబోయారు అనాలి.

సుంకన్న చేతులు రెండూ పైకెత్తి తల దూర్చాడు. భుజాల దగ్గర అంతా ఆగిపోయింది. చేతులు కిందికి రావు, తల పైకి రాదు. గుడ్డ లోపలి నుంచి గొంతు వినిపించింది. "అన్నా, నా దారి యాడుంది?"

"ఊపిరి బిగబట్రా!"

"అప్పట్నించీ బిగబట్టే ఉండానన్నా!"

దూరగలిగినవాళ్ళ సంగతి అంతకంటే మేలు కాదు. వంగితే లేవలేరు, లేస్తే వంగలేరు. కాశిం అనే పిల్లవాడు కొయ్యబొమ్మలా నిలబడి, "దస్తగిరన్నా, నాకు సరిపోయింది. ఊపిరి పీల్చకుండా ఆడొచ్చునా?" అన్నాడు.

అటు మైకులో పిలుపు మొదలైంది. అంతలో ఓబులరెడ్డి చేతులు వెనక్కి కట్టుకుని నడిచి వచ్చాడు. నింపాదిగా అందరినీ చూశాడు. పైకెత్తిన చేతులతో గుడ్డి తెల్ల దెయ్యంలా తిరుగుతున్న సుంకన్నను ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు.

"కొత్త బ్లేడు తెచ్చినా దస్తగిరీ. పాతదైతే గీసుకుంటాదని," అన్నాడు ఎంతో ఆప్యాయంగా.

దస్తగిరి తాత గదికి పరిగెత్తాడు. గుమ్మంలో నిలబడ్డాడు. చెయ్యి మీసం మీదికి పోయింది.

తాత లేచి, కత్తెర చేత పట్టుకుని, పచ్చ పీలికల మూట చంకన పెట్టుకున్నాడు. "ఏమే, సూది," అన్నాడు లోపలికి.

అవ్వ బొంతలు కుట్టే పెద్ద సూదితో వచ్చింది. దానికి దారం అప్పటికే ఎక్కించి ఉంది.

తాత మొదట సుంకన్నను పట్టుకుని, చంక నుంచి అంచు దాకా జెర్సీని ఒక పక్క, ఆనక రెండో పక్క కర్రుమని కత్తిరించాడు. సుంకన్న తల పైకి వచ్చి, లోకాన్ని కొత్తగా చూసింది. కత్తెర కదిలినప్పుడల్లా దస్తగిరి కళ్ళు మూసుకున్నాడు. కత్తిరించిన చోటల్లా అవ్వ పచ్చ పీలిక పెట్టి, గబగబా పొడుగు కుట్లు వేసుకుంటూ పోయింది.

"ఊపిరి వదలండ్రా," అంది అవ్వ. "నిండా వదలండి. తిన్నది యాడికీ పోదులే."

దస్తగిరి అంచు పట్టుకుని సాయం చేస్తూ, ఉండబట్టలేక మెల్లగా అడిగాడు. "నీకు ఎప్పుడు తెలిసింది తాతా?"

తాత తల ఎత్తలేదు.

"కత్తెర తీసిచ్చింది నువ్వే కదా నాయనా."

దస్తగిరి చేతిలోని అంచు జారిపోయింది. "సరిగ్గా పట్టుకో అబ్బీ," అని అవ్వ కసిరింది.

నల్లబండ జట్టు బరిలోకి దిగేసరికి జనం మెడలు చాచి చూశారు. తెల్ల జెర్సీలు, రెండు పక్కలా పచ్చ పట్టీలు, అందరికీ ఒక్క తీరు. అంపైరు చుట్టూ తిరిగి చూసి సరే అన్నాడు. ఓబులరెడ్డి బ్లేడు జేబులో పెట్టుకున్నాడు.

ఆట చివరిదాకా సమానంగా నడిచింది. ఆఖరి కూత సుంకన్నది. ఒకణ్ణి తాకి వెనుదిరిగాడో లేదో, సుంకులపల్లె జట్టులోని బండోడు నడుం మీదికి ఎగిరి పట్టు పట్టాడు. అందరూ అయిపోయిందనుకున్నారు. దస్తగిరి కళ్ళు మళ్ళీ మూసుకున్నాడు. తెరిచేసరికి సుంకన్న మధ్య గీత దాటి తమ వైపున ఉన్నాడు. బండోడు నేల మీద ఉన్నాడు. వాడి గుప్పిట్లో పచ్చ పీలిక ఉంది.

"పట్టుకున్నా! పట్టుకున్నా!" అని అరుస్తున్నాడు వాడు.

"పట్టుకున్నది పీలికను," అన్నాడు అంపైరు. "మనిషి అదో, అక్కడుండాడు చూడు."

నల్లబండలో ఆ రోజు ఎగిరినన్ని టోపీలు, తువ్వాళ్ళు మళ్ళీ ఎగరలేదంటారు. అవ్వ ఒక్కతే చిన్నబుచ్చుకుంది. "నా కుట్టు అంత వదులా?" అని.

దస్తగిరి తాత కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "ఇది కూడా ముందే ఆలోచించినావా తాతా?"

తాత పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వాడు. "లేదప్పా. ఆ ఒక్కటీ పైవాడికి వదిలిపెట్టినా."

మరుసటి ఏడు దస్తగిరి టేపు పట్టుకున్నది బక్రీదు నాటి మధ్యాహ్నం, అందరూ తిని చేతులు కడుక్కున్నాక. జట్టు లెక్కకు మించి ఇంకో రెండు జెర్సీలు చెప్పాడు. ఎవరికని దర్జీ అడిగితే, వచ్చేవాళ్ళకన్నాడు. రాగానే అందరి చేతా తొడిగించి, దర్గా ముందు గుంజీలు తీయించాడు.

ఉరుసు ముందు రోజు ఓబులరెడ్డి దర్గా ముందు కనిపించాడు. వాళ్ళ జట్టు జెర్సీలకు కూడా ఈసారి రెండు పక్కలా పచ్చ పట్టీలు కుట్టించాడు. దర్జీ వాటిని గట్టిగా కుట్టాడో లేదో లాగి లాగి చూసుకుంటున్నాడు.

"ఏం దస్తగిరీ, ఈసారీ అన్నీ ఆలోచించినావా?"

గదిలో తాత చెయ్యి కత్తెర పెట్టె మీదికి పోయి ఆగింది.

దస్తగిరి మీసం నిమురుకున్నాడు. "ఒగటో రెండో మర్చిపోయుంటాలే రెడ్డన్నా," అన్నాడు. "అవేవో ఇంకా తెలీలేదు."

తాత పెట్టె మీది నుంచి చెయ్యి తీసి, తస్బీ అందుకున్నాడు.