విప్పని మందు కవరు

కుళ్లాయప్పకు పొద్దున్నుంచీ తలనొప్పి. ఫార్మసీ డిప్లొమా పరీక్ష ఫస్టు క్లాసులో గట్టెక్కాడు. మిగిలింది ఒక్క సంతకం. ఐదువందల గంటలు మందుల గదిలో పని నేర్చుకున్నాడని గురువు రాసివ్వాలి. అది లేనిదే సర్టిఫికెట్టు లేదు, పెద్దాసుపత్రిలో ఉద్యోగమూ లేదు. గడువు రేపటితో సరి.

గురువు మొహిద్దీన్ సాబ్. దర్గా ఆవరణలో ఒక పక్క తాయెత్తులు కట్టే అరుగు, ఇంకో పక్క సాబ్ మందుల గది. డాక్టరు చీటీ తెచ్చిన పేదలకు ఊరికే మందులిస్తాడు. శిష్యుడు గంటల పుస్తకం ముందు పెట్టి మూడు రోజులైంది. "చూద్దాం బేటా" అంటాడే గాని కలం ముట్టడు.

ఆ మధ్యాహ్నం సన్నగా తుంపర. సాంబ్రాణి పొగ వాన తెరలో కలిసిపోయి ఆవరణంతా కలలోలా ఉంది. ఓబులమ్మ అనే ముసలామె తడుస్తూ వచ్చింది. మొగుడికి మూడు రోజులుగా జ్వరమట. కుళ్లాయప్ప చీటీ చూసి మాత్రలు కవర్లో వేశాడు. పైన ఇంగ్లీషులో ముత్యాల్లా రాసి ముందుకు తోశాడు. ఇదెట్లా వాడాలని ఆమె అడిగింది.

"అంతా రాసే ఉంది కదవ్వా."

తల కూడా ఎత్తలేదు. చదువు తలకెక్కితే మెడ వంగదు, పైకీ లేవదు. ముసలామె కవరు కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

తన తలనొప్పికి సాబ్‌ను మందడిగాడు కుళ్లాయప్ప. సాబ్ రెండు రంగుల మాత్రలు కవర్లో వేసి, పైన ఉర్దూలో రెండు వరసలు రాసి ఇచ్చాడు.

"ఎట్లా వేసుకోవాలి సాబ్?"

"అంతా రాసే ఉంది కదా."

సాబ్ తస్బీ పూసలు తిప్పుకుంటూ కళ్లు మూసుకున్నాడు.

కుళ్లాయప్ప ఆ అక్షరాల వంక చూస్తూ నిలబడ్డాడు. వానకు పుట్ట వదిలిన చీమల్లా కుడి నుంచి ఎడమకు పోతున్నాయి. ఏది ముందో, ఏది తర్వాతో, అన్నానికి ముందో వెనకో. చూడగా చూడగా చీమలు చెదిరిపోయి, కవరు కళ్లకద్దుకున్న రెండు ముడతల చేతులు కనబడ్డాయి.

తుంపరలోనే బయల్దేరాడు. అడుగుతూ అడుగుతూ కుమ్మరి వీధి చివర ఇల్లు పట్టుకున్నాడు. ముసలాయన మంచం మీద, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కలవరిస్తున్నాడు. కుడి దండచేతికి నల్లదారం. దారానికి గట్టిగా మడిచి కట్టిన తెల్ల కవరు. మాత్రలన్నీ అందులోనే ఉన్నాయి.

"దర్గాలో రాసిచ్చింది కదా నాయనా," అంది ఓబులమ్మ. "విప్పితే మహిమ పోతాదని అట్నే కట్టినా."

కుళ్లాయప్పకు నవ్వు రాలేదు. ముడి విప్పి ఒక మాత్ర ఆమె అరచేతిలో పెట్టాడు. పొద్దు ఎక్కడుంటే ఒకటి, ఎక్కడికి దిగితే ఇంకొకటి, చేత్తో చూపించాడు. ఆమెనూ చూపించమన్నాడు. రెండుసార్లు తప్పింది. మూడోసారి సరిగ్గా చూపించింది. ముసలాయనకు గంజి పట్టించి, తల ఎత్తిపట్టి మాత్ర మింగించి, నుదుట చెమట పొటమరించేదాకా పక్కనే కూర్చున్నాడు. తన తలనొప్పి ఎప్పుడు పోయిందో తెలియలేదు.

సందెవేళకు తడిసిన చొక్కాతో తిరిగొచ్చాడు. సాబ్ ముందు గంటల పుస్తకం తెరిచి ఉంది. చేతిలో కలం ఉంది.

"ఎన్ని గంటలయ్యాయి బేటా?"



"ఒకటే సాబ్."

సాబ్ సంతకం చేశాడు.