గోల్‌కీపర్ పిలుపు

విఠల్‌కు కార్నర్ కిక్ అంటే కాళ్లు గోల్ గీతకు అతుక్కుపోతుండె.

ఎనిమిది నెలల కింద ఇట్ల లేకుండె. బొల్లారంల మా టీముకు వాడే గోల్‌కీపర్. పక్క నుంచి బాల్ గాల్లకు లేస్తే చాలు, మందిని దాటుకుంట ముందుకొచ్చి, అందరి తలల మీద రెండు చేతులతోని పట్టేస్తుండె. ఇప్పుడు గీత మీద నిలబడి చూస్తుండు. ఎదుటి టీమోడు తాపీగ తలతోని కొట్టి గోల్ చేసి పోతుండు. నాలుగు మ్యాచులు అట్లనే అయినయ్. మేం ముందట ఎక్కువ గోల్స్ కొట్టబట్టి ఎట్లనో గట్టెక్కినం. ఆదివారం సెమీఫైనల్. నేను లెఫ్ట్ వింగ్ ఆడేటోన్ని, నా నోరు ఊకుండదు. "గోల్ల బొమ్మను పెట్టినా గింతే గదరా" అనేసిన. వాడు వంగి గోల్లకెల్లి బాల్ తీసిండు. అది చూసి నాకే మనసు చివుక్కుమన్నది.

సంగతంతా సామ్సన్‌ది.

సామ్సన్ మా స్టాపర్. గోల్ ముందట అడ్డం నిలబడేటోడు. వాడు, విఠల్ పదేండ్ల సంది జోడీ. మా గ్రౌండ్ల ఖుద్దూస్ ఉస్తాద్ పెట్టిన రివాజు ఒకటున్నది. కార్నర్ వచ్చినప్పుడు కీపర్ బాల్ కోసం పోదలచుకుంటే "వస్తున్న!" అని గట్టిగ ఒర్రాలె. స్టాపర్ "రా!" అని జవాబిచ్చి పక్కకు జరగాలె. కీపర్ పిలవకుంటే ఆ బాల్ స్టాపర్‌ది. సగం దాక వచ్చి ఆగుడు మాత్రం ఉస్తాద్ దగ్గర నడవదు. విఠల్ పిలుపు ఒక్క క్షణం ఆలస్యమైనా సామ్సన్ ఊకుంటుండెనా? "లేట్ చేసినవ్!" అని తిడుతుండె. తిట్టి, మేజోడుల దాచిన సోంపు పొట్లం తీసి విఠల్ నోట్ల పోస్తుండె. గ్లోవ్స్ ఉంటయ్ గద, వాడు తీసుకోలేడు.

నవంబర్ల ఫైనల్ ఆడినం. ఆఖరు నిమిషాలల్ల కార్నర్ వచ్చింది. విఠల్ పిలవకుంటనే ఉరికిండు. పిలుపు వినపడలేదు గనక సామ్సన్ బాల్ తనదే అనుకొని ఎగిరిండు. ఇద్దరు గాల్లనే గుద్దుకున్నరు. విఠల్ పోయి పోయి సామ్సన్ మోకాలి మీదనే పడ్డడు. ఆ మోకాలు ఇగ ఆటకు పనికిరాలె.

ఆపరేషన్ నాడు విఠల్ దవాఖాన మెట్ల దాక పోయి మర్లొచ్చిండు. సామ్సన్ ఇల్లు రైల్వే గేటు అవతల, నడిస్తే పది నిమిషాలు. వారంల రెండు మూడు సార్లు ఆ గేటు దాక పోతడు, నిలబడతడు, వస్తడు. ఫోన్ చెయ్యడు. అటు నుంచి కూడ రాదు. వాని కిట్‌బ్యాగుల మాత్రం సోంపు పొట్లం ఉంటది. తినడు. ఒకసారి నేను తిందామని తీస్తే నా చేతిలకెల్లి గుంజుకున్నడు.

మొన్న శుక్రవారం పొద్దుగాల, ప్రాక్టీసు అయినంక, వాడు గ్లోవ్స్ విప్పి ఉస్తాద్ ముందట పెట్టిండు.

"వేరేటోన్ని నిలబెట్టుండ్రి ఉస్తాద్. నాతోని కాదు. కార్నర్ వస్తే నా కండ్లు బాల్‌ను చూడవు, సామ్సన్ వీపును దేవులాడతయ్. వాడు లేని గోల్ల నేను నిలబడలేను."

ఇగ పెద్ద పాఠం మొదలైతదని నేను కూలబడ్డ. ఉస్తాద్ లేచిండు. డెబ్బై రెండేండ్ల మనిషి, రెండు కండ్లల్ల శుక్లాలు. కళ్లద్దాలు తీసి నా చేతిల పెట్టిండు. మెల్లగ పోయి గోల్ ముందట, సామ్సన్ నిలబడే జాగల నిలబడ్డడు.

"గ్లోవ్స్ తొడుక్కొని నా వెనక నిలబడు బేటా" అన్నడు. నా దిక్కు చెయ్యి ఊపి, "నువ్వు కార్నర్ కొట్టు."

"ఏంది ఉస్తాద్, ముఖం పగుల్తది!"

"నాకు బాల్ కనపడదు. వెనకకెల్లి చెప్తే వింట."

నేను మెల్లగనే కొట్టిన. విఠల్ నోరు తెరిచిండు, మాట రాలె. బాల్ ఉస్తాద్ టోపీని లేపుకొని పోయింది. నాకు ఒళ్లు మండింది. "నోట్ల ఏం పెట్టుకున్నవ్ రా!" అని మొత్తుకున్న. ఉస్తాద్ టోపీ తీసుకోలె. వెనక్కి తిరగలె.

"ఇంకొకటి. ఈసారి గట్టిగ."

భయపడుకుంటనే కొట్టిన. బాల్ తిరుక్కుంట సీదా ఆ నెరిసిన తల మీదికే పోతున్నది.

"వస్తున్న!"

అబ్బ, ఏం గొంతు అది! గ్రౌండ్ అవతల పావురాలు లేచినయ్. ఉస్తాద్ "రా!" అని పక్కకు జరిగిండు. ఆయన తల మీదికెల్లి ఎగిరి, విఠల్ బాల్‌ను రెండు చేతులతోని పట్టి గుండెకు అదుముకున్నడు. అట్లనే నేల మీద కూలబడి, ముఖం బాల్‌కు ఆనిచ్చి ఏడ్సిండు.

"పదేండ్ల దోస్తానా ఉస్తాద్" అన్నడు. "ఆ రోజు నేను కావాలని గుద్దలే. ఈ ఎనిమిది నెలలు వాన్ని తలుసుకోని దినం లేదు. నా మనసు వానికి తెల్వదా?"

ఉస్తాద్ నా చేతిలకెల్లి కళ్లద్దాలు తీసుకొని తుడుసుకున్నడు, పెట్టుకున్నడు.

"ఆ రోజు కూడ వానికి తెలుసనుకునే గదా, పిలవకపోతివి" అన్నడు.

విఠల్ లేచిండు. గ్లోవ్స్ విప్పకనే నడిసిండు. నేను ఊకుంటనా, వెనకనే పోయిన. రైల్వే గేటు కాడ ఎప్పటి లెక్కనే ఆగిండు. ఎన్నిసార్లు మర్లిండో ఆ జాగలకెల్లి.

ఈసారి దాటిండు.

సామ్సన్ ఇంటి తలుపు దగ్గరికేసి ఉన్నది. విఠల్ తలుపు కొట్టలె. గల్లీల నిలబడి, గ్రౌండ్ల ఒర్రినట్టే, గొంతు పగిలేటట్టు ఒర్రిండు.

"వస్తున్న!"

పక్కింటామె బట్టలు ఆరేసుడు ఆపి చూసింది. విఠల్ కదల్లే. చానా సేపటికి నేల మీద కర్ర ఆనిన చప్పుడైంది. ఒకటి, ఇంకొకటి. తలుపు అవతల ఆగింది.

"లేట్ చేసినవ్" అన్నది లోపలి గొంతు. "రా!"