రాజుగారి తొడమీది తాళం

అనగా అనగా, మీ తాతకి తాత కూడా పుట్టకముందు, ఒక ఊళ్ళో భ్రమరాంబ అని ఒకావిడ ఉండేదిట. ఒరేయ్ శశాంకూ, ఆ కాళ్ళు చెల్లెలి మీదనుంచి తియ్యి, లేకపోతే కథ లేదు. ఆఁ. ఆవిడ గొంతు విప్పితే ఎసట్లో బియ్యం పోసేవాళ్ళు పొయ్యడం మరిచిపోయేవారుట. అత్తగారు మాత్రం ఇంటి కోడలు పాడడమేమిటమ్మా అని ముక్కున వేలేసుకుంది. తరవాత రాజుగారు పిలిచి సంగీత పాఠశాలలో పంతులమ్మని చేస్తే, అదే అత్తగారు, అంతా నా పెంపకమే అని ఊరంతా చెప్పుకొచ్చింది. పోన్లెద్దూ, ఎవరి సంతోషం వాళ్ళది.

ఆడది పీటమీద కూచుని పాఠం చెప్పడం ఆ రాజ్యంలో అదే మొదలు. ఆవిడకి ఆ పీటంటే ప్రాణం. చెక్కముక్క మీద మోజు కాదే లాస్యా! ఆవిడ ఉందని చెప్పి ఎంతమంది ఆడపిల్లల్ని పాటకి పంపించారో. ఆవిడ దిగిపోతే వాళ్ళందరూ మళ్ళీ వంటింట్లోకే. ఊఁ అంటున్నారా, నిద్దరోతున్నారా?

ఆ పాఠశాలకి పెద్దాయన విరూపాక్షశాస్త్రి. మహాపండితుడు. ఎంత పండితుడంటే, పాట బాగుందో లేదో రాజుగారి మొహం చూస్తేగానీ చెప్పలేడు.

ఒకనాడు సభలో కచేరీ జరుగుతోంది. రాజుగారి తొడమీద దోమ వాలింది. ఫట్‌మని కొట్టాడు. తప్పించుకుంది. మళ్ళీ ఫట్. కాసేపాగి ఫట్ ఫట్. సభలో పాట వినేదెవరు, రాజుగారి చెయ్యేగా చూసేది! రాజు కొట్టాడని మంత్రి కొట్టాడు, మంత్రి కొట్టాడని సేనాపతి కొట్టాడు, సేనాపతి కొట్టాడని కొత్వాలు కొట్టాడు, కొత్వాలు కొట్టాడని కొత్వాలు పెళ్ళాం కొట్టింది. అందరి తొడలూ ఎర్రగా వాచిపోయాయిట.

మర్నాటికల్లా శాస్త్రి దానికి రాజతాళం అని పేరు పెట్టేశాడు. ఇకమీద పిల్లలంతా ఇదే నేర్చుకోవాలన్నాడు. అది ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ ఆగుతుందో ఆయనకీ తెలీదు. తెలీదు కాబట్టే మహా గొప్ప తాళం అన్నాడుట.

భ్రమరాంబ ససేమిరా అంది. లెక్కాపత్రం లేని తాళం నేర్పించి పిల్లల పాట పాడుచెయ్యనంది. శాస్త్రికి ఒళ్ళు మండింది. పున్నమినాడు రాజుగారి ముందు రాజతాళంలో పాడు, పాడలేకపోతే పీట దిగు, నీతోపాటు ఆ ఆడపిల్లలూ పోతారు అన్నాడు. ఇంటికెళ్ళి ఏడ్చింది పాపం. ఏడవదూ మరి! పోనీ తలొంచేద్దామా అని కూడా అనుకుంది. తలొంచితే పిల్లలుంటారు, వాళ్ళకి సంగీతం ఉండదు. ఒంచకపోతే పిల్లలే ఉండరు. ఏం చేస్తుంది?

పున్నమి వచ్చింది. సభవాళ్ళంతా చేతులు పైకెత్తి, రాజుగారి చెయ్యెప్పుడు లేస్తుందా అని కాచుక్కూచున్నారు. భ్రమరాంబ తంబుర మీటి ఆలాపన ఎత్తుకుంది. ఆలాపనకి తాళం ఉండదర్రా, రాగాన్ని మనసుకి తోచినట్టు పాడుకుంటూ పోవడమే. ఇదే ఆఖరిసారి అనుకుందో ఏమో, ఉన్న బెంగంతా అందులో పోసేసింది. పాట ఎంతకీ కీర్తనలోకి రాదు, తాళం మొదలవదు. ఎత్తిన చేతులు లాగేస్తున్నాయి, దించుదామంటే భయం. మంత్రి చెయ్యి వణికింది, సేనాపతి చెయ్యి తిమ్మిరెక్కింది, కొత్వాలు తన చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. రాజుగారు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడు. దోమ వచ్చింది. తొడమీద వాలింది, కడుపునిండా తాగింది, తీరిగ్గా ఎగిరిపోయింది. రాజుగారికి తెలిస్తేనా!

శాస్త్రి ఉండబట్టలేక వంగి, ప్రభూ, తమరి తాళం, అని గుర్తుచేశాడు. నాదేం తాళమయ్యా అన్నాడు రాజు. అదే ప్రభూ, ఆవేళ తమరు వేశారే, ఫట్, కాసేపాగి ఫట్ ఫట్...

"అది దోమయ్యా!" అన్నాడు రాజు. "నోరు ముయ్యి, పాట విననీ."

సభంతా హమ్మయ్య అని చేతులు దించేసింది. నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉంది అన్నాట్ట శాస్త్రి.

పాటయ్యాక ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. నాకు నగలొద్దు నాణాలొద్దు, ఆడపిల్లలు వస్తే ఈ పాఠశాల తలుపు ఎప్పటికీ మూయకండి అంది. ఇంకేం, ఆవిణ్ణే పెద్దపీట మీద కూచోబెట్టాడు. శాస్త్రిని తరిమేస్తానంటే ఆవిడే వద్దంది. చిన్నపిల్లల వరస వెనకాల చాప వేయించి, మొదటి పాఠంనుంచి నేర్పించింది. అందరూ సుఖంగానే ఉన్నారు. శాస్త్రి కూడా సుఖమే, కాకపోతే తాళం వేసేముందు ఒకసారి పక్కపిల్ల చేతికేసి చూసేవాడుట.

అందుకని మీరు చెవులు పెట్టి వినండర్రా, పక్కవాళ్ళ చేతులు చూసి కాదు. ఇక కథ కంచి దారి పట్టింది, మనం ముసుగు తన్నేద్దాం.